బిల్లు మెయిల్ చేరాలంటే

క్లౌడ్‌లో నడిచే వ్యాపార సాఫ్ట్‌వేర్ నుంచి బిల్లు మెయిల్ చేయగానే తెరమీద ‘సెంట్’ అని పడుతుంది. ఆ మాట చెప్పేది చాలా తక్కువ. సాఫ్ట్‌వేర్ ఆ మెయిల్‌ను తన వైపు సర్వర్‌కు అప్పగించింది, లేదా మహా అయితే అవతలి సర్వర్ అందుకున్నానని జవాబిచ్చింది. అందుకున్నాక ఇన్‌బాక్స్‌లో పెట్టిందా, స్పామ్‌లో పడేసిందా అన్నది ఆ మాటలో ఉండదు. స్పామ్‌లో పడ్డ బిల్లు గురించి పంపినవారికి ఏ కబురూ రాదు. నెలాఖరుకు బాకీ కోసం ఫోన్ చేసినప్పుడు, ‘మాకు బిల్లే రాలేదండీ’ అని అవతలివారు అన్నాకే సంగతి బయటపడుతుంది. అప్పటికి గడువు ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలన్నదే పేచీ అయి కూర్చుంటుంది.

బెల్జియంలో పుట్టిన ఓడూ, ముంబైలోని ఫ్రాపే సంస్థ తెచ్చిన ఈఆర్‌పీనెక్స్ట్, చెన్నై కేంద్రంగా నడిచే జోహో వారి బుక్స్ వంటివి ఇప్పుడు చిన్న వ్యాపారాల్లోకీ వచ్చేశాయి. కొటేషన్లు, పర్చేజ్ ఆర్డర్లు, జీతాల స్లిప్పులు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు, బాకీ గుర్తుచేసే మెయిళ్లు అన్నీ వీటి నుంచే వెళ్తాయి. ఆఫీసులో గుమాస్తా తన మెయిల్ తెరిచి ఒక్కొక్క బిల్లూ జతచేసి పంపిన రోజుల్లో పంపేవారి చిరునామా, పంపే సర్వర్ రెండూ ఒకే చోటివి. ఇప్పుడు చిరునామా వ్యాపారిది, సర్వర్ సాఫ్ట్‌వేర్ కంపెనీది. పైగా అదే సర్వర్ నుంచి వేలాది ఇతర వ్యాపారుల మెయిళ్లు కూడా వెళ్తుంటాయి. చిక్కు మొదలయ్యేది ఇక్కడే. చిక్కు విప్పే పని ఎక్కువగా సాఫ్ట్‌వేర్ సెట్టింగుల పేజీలో ఉండదు. వ్యాపారి తన డొమైన్ కొన్న చోట, డొమైన్ వివరాలను బయటి సర్వర్లకు ప్రకటించే డీఎన్ఎస్ రికార్డుల పేజీలో ఉంటుంది. చాలామంది ఆ పేజీని డొమైన్ కొన్న రోజు తర్వాత మళ్లీ తెరవరు.

మెయిల్ ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు వెళ్లే పద్ధతి పేరు ఎస్ఎంటీపీ. దీన్ని జాన్ పోస్టెల్ 1982లో రాసిపెట్టారు. అప్పట్లో నెట్‌వర్కులో ఉన్నవి కొద్ది విశ్వవిద్యాలయాలు, పరిశోధనశాలలు. ఒకరినొకరు ఎరిగినవాళ్లే కాబట్టి, పంపేవారు తమ పేరు ఏది చెబితే అదే నిజమని నమ్మేలా ఆ పద్ధతి తయారైంది. ఈ పద్ధతిలో ప్రతి మెయిల్‌కూ పంపేవారి చిరునామాలు రెండుంటాయి. తపాలా ఉత్తరంలో కవరు మీద ఒక చిరునామా, లోపల కాగితం పైభాగాన మరో చిరునామా ఉన్నట్టే. చదివేవారికి కనిపించేది లోపలి ‘ఫ్రమ్’ చిరునామా. కవరు మీది చిరునామా సర్వర్లకే కనిపిస్తుంది. మెయిల్ చేరకపోతే తిరిగి వచ్చేది ఆ కవరు చిరునామాకే. ఈ రెండూ ఒకటే కావాలని ఎస్ఎంటీపీ ఎన్నడూ పట్టుబట్టలేదు. దొంగ మెయిళ్లు పంపేవారికి అది వరమైంది. దాన్ని అరికట్టడానికి వచ్చినవే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు ఏర్పాట్లు.

ఎస్‌పీఎఫ్ ప్రస్తుత ప్రమాణం 2014లో వచ్చింది. ఒక డొమైన్ పేరు మీద మెయిల్ పంపే హక్కు ఏయే సర్వర్లకు ఉందో డీఎన్ఎస్‌లో ఒక టెక్స్ట్ రికార్డుగా ప్రకటించడం దీని పని. ఒక మిల్లు డొమైన్ ‘మనమిల్లు డాట్ ఇన్’ అనుకుంటే, ఉద్యోగుల మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉంటే గూగుల్ పేరు, బిల్లులు ఓడూ నుంచి వెళ్తుంటే ఓడూ పేరు ఆ రికార్డులో ‘ఇన్‌క్లూడ్’ అనే మాటతో చేరాలి. అసలు తప్పు ఇక్కడే జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇచ్చిన సూచనల కాగితంలో ‘ఈ రికార్డు చేర్చండి’ అని ఉంటుంది. చేర్చేవారు పాత ఎస్‌పీఎఫ్ రికార్డును అలాగే ఉంచి, పక్కన రెండోది పెడతారు. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. రెండు కనిపిస్తే అందుకునే సర్వర్ ఏదో ఒకటి ఎంచుకోదు, మొత్తం తప్పని తేల్చేస్తుంది. బిల్లుల కోసం చేసిన మార్పు వల్ల ఉద్యోగుల మామూలు మెయిళ్లకు కూడా ఎస్‌పీఎఫ్ చెల్లకుండా పోతుంది. చేయాల్సింది ఉన్న రికార్డులోనే కొత్త ఇన్‌క్లూడ్‌ను ఇరికించడం.

ఇరికించడానికీ హద్దుంది. ఒక ఎస్‌పీఎఫ్ రికార్డు చదవడానికి అందుకునే సర్వర్ డీఎన్ఎస్‌ను పదిసార్లకు మించి అడగకూడదు. ఒక ఇన్‌క్లూడ్ లోపల ఇంకో రెండు మూడు ఇన్‌క్లూడ్‌లు ఉండవచ్చు, వాటినీ లెక్కలోకి తీసుకోవాలి. మెయిల్ ఒకరి దగ్గర, బిల్లింగ్ మరొకరి దగ్గర, ప్రచార మెయిళ్లు ఇంకొకరి దగ్గర, కస్టమర్ ఫిర్యాదుల సాఫ్ట్‌వేర్ వేరొకరి దగ్గర ఉంటే ఆ పది ఇట్టే దాటిపోతాయి. దాటితే ఫలితం మళ్లీ తప్పే. రికార్డు చివర ‘టిల్డా ఆల్’ అని ఉంటే జాబితాలో లేని సర్వర్ల మెయిల్‌ను అనుమానించమని, ‘మైనస్ ఆల్’ అని ఉంటే అది ఈ డొమైన్ మెయిలే కాదని గట్టిగా చెప్పడమని అర్థం. పంపే చోట్లన్నీ ఖాయమయ్యేదాకా మొదటిదే ఉంచడం మంచిది.

ఎస్‌పీఎఫ్‌కు పుట్టుకతో ఉన్న లోపం ఒకటుంది. కొనుగోలుదారు తన పాత చిరునామాకు వచ్చే మెయిల్‌ను కొత్త చిరునామాకు ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకుంటే, చివరికి మెయిల్ ఇచ్చే సర్వర్ మిల్లుదీ కాదు, ఓడూదీ కాదు, మధ్యవర్తిది. ఎస్‌పీఎఫ్ అక్కడ విఫలమవుతుంది. అందుకే డీకిమ్ కావాలి.

డీకిమ్ అంటే మెయిల్ మీద డిజిటల్ సంతకం. యాహూ తెచ్చిన డొమైన్‌కీస్, సిస్కో తెచ్చిన మరో పద్ధతి కలిసి ఇది తయారైంది. 2007లో ప్రమాణంగా వచ్చి, 2011లో ఇప్పటి రూపం తీసుకుంది. పంపే సర్వర్ దగ్గర రహస్య తాళం ఉంటుంది. దానితో మెయిల్ సారానికీ, ముఖ్యమైన శీర్షికలకూ సంతకం చేస్తుంది. ఆ సంతకాన్ని సరిచూసే బహిరంగ తాళం డొమైన్ డీఎన్ఎస్‌లో ఉంటుంది. మధ్యలో మెయిల్ ఎన్ని చేతులు మారినా, లోపలి మాట మారనంత వరకు సంతకం చెల్లుతుంది. ఎవరైనా కింద రెండు లైన్ల ప్రకటన అతికిస్తే చెల్లదు.

బహిరంగ తాళం పెట్టే దారులు రెండు. తాళం మొత్తాన్ని టెక్స్ట్ రికార్డుగా అతికించడం ఒకటి. సాఫ్ట్‌వేర్ కంపెనీ డీఎన్ఎస్‌లో ఉన్న తాళం వైపు చూపించే సీనేమ్ రికార్డు పెట్టడం రెండోది. ఓడూ తన ఆన్‌లైన్ వాడకందార్లకు రెండో దారే చూపుతుంది. అందులో సౌకర్యం ఉంది. కంపెనీ తాళం మార్చుకున్నప్పుడు వ్యాపారి ఏమీ చేయనక్కర్లేదు. మొదటి దారిలో వెళ్లేవారికి ఒక మెలిక ఎదురవుతుంది. డీఎన్ఎస్ టెక్స్ట్ రికార్డులో ఒక ముక్క 255 అక్షరాలకు మించరాదు. ఇప్పుడు సిఫారసు చేసే 2048 బిట్ల తాళం దానికి పట్టదు కాబట్టి రెండు ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను కొటేషన్ గుర్తుల్లో పెట్టాలి. కొన్ని డొమైన్ కంపెనీల పేజీలు ఆ పని వాటంతట అవే చేస్తాయి, కొన్ని చెప్పకుండా చివర కత్తిరిస్తాయి. కాపీ చేసేటప్పుడు మధ్యలో ఒక్క ఖాళీ చొరబడినా సంతకం చెల్లకపోవచ్చు. కాబట్టి రికార్డు పెట్టాక దాన్ని బయటి నుంచి తిరిగి చదివి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పోల్చి చూడాలి.

మూడోది డీమార్క్. గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్, పేపాల్ వంటి సంస్థలు కలిసి 2012 జనవరిలో దీన్ని ప్రకటించాయి. 2015లో అది పత్రంగా వచ్చింది. వ్యాపార సాఫ్ట్‌వేర్ వాడేవారు అన్నిటికంటే జాగ్రత్తగా అర్థం చేసుకోవాల్సింది ఇదే. ఎస్‌పీఎఫ్ చూసేది కవరు మీది చిరునామాను. డీకిమ్ చూసేది సంతకంలో రాసున్న డొమైన్‌ను. కొనుగోలుదారుకు కనిపించే ఫ్రమ్ చిరునామాను ఆ రెండూ పట్టించుకోవు. డీమార్క్ వచ్చి అడిగేది ఒక్కటే: పాస్ అయిన ఆ డొమైన్, ఫ్రమ్‌లో కనిపిస్తున్న డొమైన్ ఒకటేనా?

దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. మనమిల్లు డాట్ ఇన్ బిల్లు వెళ్లింది. ఫ్రమ్‌లో అకౌంట్స్ ఎట్ మనమిల్లు డాట్ ఇన్ అని ఉంది. సాఫ్ట్‌వేర్ మాత్రం కవరు మీద తన సొంత డొమైన్ చిరునామా రాసుకుంది, తిరిగొచ్చే మెయిళ్లు తనకు రావాలని. అందుకునే సర్వర్ ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ చూసింది, పాస్ అయింది. సంతకం కూడా సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు మీదే ఉంది, అదీ పాస్ అయింది. రెండు చోట్లా పాస్ అని పచ్చగా కనిపిస్తుంది. అయినా డీమార్క్ ఫెయిల్. ఎందుకంటే మిల్లు పేరుకు పూచీ ఇచ్చిన రికార్డు వాటిలో ఒక్కటీ లేదు. మిల్లు తరఫున డీకిమ్ రికార్డు పెట్టి, సాఫ్ట్‌వేర్‌లో ఆ సంతకాన్ని ఆన్ చేస్తే, సంతకంలోని డొమైన్ మనమిల్లు డాట్ ఇన్ అవుతుంది, డీమార్క్ పాస్ అవుతుంది. రెంటిలో ఒకటి కుదిరినా చాలు కాబట్టి, కవరు చిరునామా వేరేవారి చేతిలో ఉన్నప్పుడు డీకిమ్ మీదే భారం వేయాలి. ఎస్‌పీఎఫ్ ఒక్కటి సరిచేసి పని అయిందనుకునేవారు ఎక్కువగా దెబ్బతినేది ఈ మలుపు దగ్గరే.

డీమార్క్ రికార్డులో మూడు స్థాయిలు ఉంటాయి. ‘నన్’ అంటే ఫెయిలైనా ఏమీ చేయొద్దు, నివేదిక మాత్రం పంపండి అని. ‘క్వారంటైన్’ అంటే స్పామ్‌లో పెట్టమని. ‘రిజెక్ట్’ అంటే గుమ్మం దగ్గరే తిప్పి పంపమని. నన్‌తో మొదలుపెట్టి, నివేదికల కోసం ఒక చిరునామా ఇవ్వాలి. గూగుల్, యాహూ వంటివి ఎక్స్‌ఎంఎల్ రూపంలో నివేదికలు పంపుతాయి. అవి మనుషులు చదివేలా ఉండవు, వాటిని పట్టికగా మార్చే ఉచిత ఉపకరణాలు దొరుకుతాయి. నివేదికలు చూస్తేనే ఆఫీసులో అందరూ మరచిపోయిన చోట్లు బయటపడతాయి: స్కాన్ చేసి మెయిల్ పంపే జిరాక్స్ మిషన్, వెబ్‌సైట్‌లోని ఎంక్వైరీ ఫారం, హాజరు సాఫ్ట్‌వేర్. అవన్నీ దారికి వచ్చాకే పై స్థాయికి పోవాలి. తొందరపడి మొదటిరోజే రిజెక్ట్ పెడితే సొంత మెయిళ్లే తిరిగొస్తాయి.

ఈ మూడూ కొన్నేళ్ల క్రితం దాకా ఉంటే మంచిదన్న స్థాయిలో ఉండేవి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వీటిని షరతులుగా మార్చాయి. జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000 లేదా అంతకు మించి పంపే డొమైన్లకు మూడూ తప్పనిసరి. ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో వద్దనే వీలు ఉండాలి. స్పామ్ అని ఫిర్యాదు చేసేవారి శాతం 0.3కు చేరకూడదు. రోజుకు వంద బిల్లులు పంపే మిల్లు కూడా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా పెట్టుకోక తప్పదు. మైక్రోసాఫ్ట్ తన అవుట్‌లుక్, హాట్‌మెయిల్ చిరునామాలకు ఇలాంటి నియమాలే 2025 మే 5 నుంచి అమలులో పెట్టింది.

సొంత డొమైన్ లేకుండా, బోర్డు మీద రాయించుకున్న జీమెయిల్ లేదా యాహూ చిరునామానే సాఫ్ట్‌వేర్‌లో ఫ్రమ్‌గా పెట్టుకునే దుకాణాలు మన ఊళ్లలో కోకొల్లలు. యాహూ 2014 ఏప్రిల్‌లోనే తన డొమైన్‌కు డీమార్క్ రిజెక్ట్ పెట్టింది. యాహూ డాట్ కామ్ పేరుతో వేరే కంపెనీ సర్వర్ నుంచి బయల్దేరిన బిల్లును అందుకునే సర్వర్ తిప్పి పంపితే తప్పు పట్టలేం. ఏడాదికి కొద్ది ఖర్చుతో సొంత డొమైన్ తీసుకోవడమే దీనికి సరైన మందు.

ఇక సాఫ్ట్‌వేర్ లోపల చేయాల్సినది, మెయిల్ ఏ దారిన బయటికి పోవాలో ఎంచుకోవడం. సాఫ్ట్‌వేర్ కంపెనీ సొంత సర్వర్ వాడుకోవడం సులువైన దారి. వ్యాపారికి ఉన్న గూగుల్ వర్క్‌స్పేస్ లేదా మైక్రోసాఫ్ట్ 365 ఖాతాను కలపడం రెండోది. అప్పుడు ఉద్యోగుల మెయిల్, బిల్లుల మెయిల్ ఒకే దారిన వెళ్తాయి, ఎస్‌పీఎఫ్, డీకిమ్ పూచీకత్తులు ఒక్కచోటే చూసుకోవచ్చు. చిన్న సంస్థలకు ఇదే మేలు. పోర్ట్ సంఖ్య దగ్గర తికమక పడనక్కర్లేదు. 25 అనేది సర్వర్లు తమలో తాము మాట్లాడుకునే దారి. స్పామ్ భయంతో క్లౌడ్ కంపెనీలు సాధారణంగా దాన్ని మూసే ఉంచుతాయి. సాఫ్ట్‌వేర్ నుంచి మెయిల్ అప్పగించడానికి 587, లేదా మొదటి నుంచీ గుప్తీకరణతో తెరుచుకునే 465 వాడాలి. రోజూ లాగిన్ అయ్యే పాస్‌వర్డ్ అక్కడ పనిచేయకపోతే ఆశ్చర్యపోవద్దు. గూగుల్ రెండంచెల లాగిన్ ఆన్ చేసి ప్రత్యేకంగా యాప్ పాస్‌వర్డ్ తీసుకోమంటుంది, లేదా ఓఆథ్ పద్ధతిలో అనుమతి ఇమ్మంటుంది.

సొంత మెయిల్ ఖాతాను కలిపే దారికి పరిమితి ఉంది. మామూలు జీమెయిల్ నుంచి రోజుకు 500, వర్క్‌స్పేస్ నుంచి 2,000 మించి పంపలేరు. పండుగ ఆఫర్ మెయిల్ ఒకటి మూడు వేలమందికి కొట్టారంటే, ఆ రోజు బిల్లులు కూడా ఆగిపోతాయి. అందుకే ప్రచారాన్ని ఎప్పుడూ వేరు చేయాలి. ‘ఆఫర్లు డాట్ మనమిల్లు డాట్ ఇన్’ వంటి ఉపడొమైన్ నుంచి, అమెజాన్ ఎస్ఈఎస్, సెండ్‌గ్రిడ్ వంటి పంపిణీ సేవ ద్వారా పంపితే, ఆఫర్ల మీద వచ్చే ఫిర్యాదుల మచ్చ బిల్లుల మీద పడే ముప్పు తగ్గుతుంది. జోహోకు బిల్లులు, ఓటీపీల వంటివాటికే ప్రత్యేకించిన జెప్టోమెయిల్ అనే సేవ ఉంది, అందులో ప్రచార మెయిళ్లకు చోటు లేదు. ఆ విభజన సరైనదే.

తిరిగొచ్చిన మెయిళ్ల సంగతి ఎవరో ఒకరు చూడాలి. సర్వర్ జవాబు 4తో మొదలైతే తాత్కాలికమైన ఇబ్బంది. పెట్టె నిండిపోయి ఉండవచ్చు, లేదా కొత్త సర్వర్‌ను కాసేపు ఆపి చూస్తుండవచ్చు. పంపే సర్వర్ వరుసలో ఉంచి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, నాలుగైదు రోజుల దాకా వదలకూడదని ప్రమాణం చెబుతుంది. 5తో మొదలైతే ఇక లేదని అర్థం. చిరునామా తప్పు, లేదా పూచీకత్తు ఫెయిల్. జవాబులోని ఇంగ్లిష్ వాక్యంలో కారణం చాలాసార్లు స్పష్టంగానే రాసి ఉంటుంది, చదవరు అంతే. ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఇమెయిల్ క్యూ అనే జాబితా తెరిస్తే పోనివి, తప్పుతో ఆగినవి కనిపిస్తాయి. ఓడూలో తిరిగొచ్చేవాటికి బౌన్స్ అని, కస్టమర్ జవాబులకు క్యాచాల్ అని రెండు చిరునామాలుంటాయి. వాటిని సొంత డొమైన్ మీద పెట్టుకున్నప్పుడు, ఆ చిరునామాలకు వచ్చే మెయిల్ ఓడూకు చేరే ఏర్పాటు కూడా చేయాలి. చేయకపోతే ‘రేటు తగ్గించండి’ అని కస్టమర్ రాసిన జవాబు ఎవరి కంటా పడదు.

తెలుగులో సబ్జెక్ట్ రాసేవారికి ఎదురయ్యే సంగతి ఒకటుంది. మెయిల్ శీర్షికలు మొదట ఇంగ్లిష్ అక్షరాలకే ఉద్దేశించినవి. ఇతర లిపుల్లోని సబ్జెక్టును చిన్న ముక్కలుగా, ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల్లోకి మార్చి పంపే పద్ధతి 1996 నాటి ప్రమాణంలో ఉంది. ఒక్కో ముక్క 75 అక్షరాలు మించరాదు. యూనికోడ్ యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. ‘రసీదు’ అనే చిన్న మాటే 15 బైట్లు. ముక్క గుర్తులు పోను లోపల పట్టేది 45 బైట్లు, అంటే 15 తెలుగు గుర్తులు. అంతా తెలుగే అయితే లెక్క సరిపోతుంది. మధ్యలో ఒక ఖాళీయో, బిల్లు నంబరులోని అంకెలో వస్తే అవి ఒక్కో బైటే కాబట్టి లెక్క జరుగుతుంది. ముక్కను అక్షరం మధ్యలో కోయకూడదని ప్రమాణం చెబుతున్నా, సరిగ్గా రాయని ప్రోగ్రాములు 45 బైట్ల దగ్గర గుడ్డిగా కోసేస్తాయి. అవతలివారికి సబ్జెక్టు మధ్యలో ప్రశ్నార్థక గుర్తు ఉన్న నల్లటి డైమండ్లు కనిపిస్తాయి. అలా కనిపిస్తే సబ్జెక్టును పొట్టిగా, ఒక్క ముక్కలో ఇమిడేలా రాసుకోవడం తక్షణ ఉపాయం.

అన్నీ పెట్టాక పరీక్షించడానికి సెట్టింగుల పేజీలోని ‘టెస్ట్’ బటన్ చాలదు. అది కనెక్షన్ కుదిరిందా అన్నదే చెబుతుంది. సాఫ్ట్‌వేర్‌లో నిజమైన బిల్లు తయారుచేసి, పీడీఎఫ్‌తో సహా ఒక జీమెయిల్ చిరునామాకు, ఒక అవుట్‌లుక్ చిరునామాకు పంపాలి. జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరిచి, మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకుంటే, పైనే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరుసలు కనిపిస్తాయి. మూడింటా ‘పాస్’ ఉండాలి. డీకిమ్ పక్కన రాసున్న డొమైన్ సొంతదేనా అని కూడా చూడాలి. డీఎన్ఎస్ మార్పు అందరికీ తెలియడానికి కొన్ని గంటలు పట్టవచ్చు, వెంటనే కనిపించలేదని మళ్లీ మళ్లీ మారిస్తే గందరగోళం పెరుగుతుంది. బాకీ మెయిళ్లు నెల మొదటి తేదీన పోతుంటే, ఈ పని నెల మధ్యలో పెట్టుకోవడం నయం.

సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు ఈ రికార్డులన్నీ మళ్లీ చూడాలి. కొత్త కంపెనీ చెప్పినవి చేర్చడం అందరూ చేస్తారు, పాతవి తీసేయడం మరచిపోతారు. పాత ఇన్‌క్లూడ్ ఎస్‌పీఎఫ్‌లో మిగిలిపోతే, పదింటి లెక్కలో చోటు ఆక్రమించడమే కాదు, ఆ పాత కంపెనీ సర్వర్లకు మిల్లు పేరు మీద మెయిల్ పంపే అనుమతి కొనసాగుతూనే ఉంటుంది. పాత డీకిమ్ రికార్డు, పాత సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చిన యాప్ పాస్‌వర్డ్ కూడా అంతే. వరుసలో మిగిలిన మెయిళ్లన్నీ వెళ్లేందుకు ఒక వారం గడువిచ్చి, ఆ మూడింటినీ తీసేయాలి.